అగ్నిపర్వతపు మట్టి – జారే కొండలు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, భూగర్భశాస్త్ర విభాగం)

సావనీరుకు ఏదైనా వ్రాయమని అడిగినప్పుడు 'మట్టి గురించి వ్రాస్తాను' అన్నాను. హాస్టల్లో నా గదిలో వాళ్ళంతా నవ్వారు. "మట్టిలో పుట్టి మట్టిలో పెరిగినవాడివి, ఇక్కడికొచ్చి కూడా మట్టేనా?" అన్నారు. నిజమే. అయితే నేనీ వ్యాసం వ్రాయడానికి కారణం కూడా ఆ మట్టే. పోయిన వానాకాలం మా బావి దరి కూలిపోయింది.

మాది వికారాబాదు వైపు ఒక పల్లె. నల్లరేగడి భూములు, పత్తి, కంది వేస్తాము. చేనులో రాతి కట్టుబడి లేని ఒక పాత బావి ఉంది. నాలుగు రోజులు ముసురు పట్టి ఒక్క పూట కూడా తెరిపి ఇవ్వలేదు. ఐదవనాటి సాయంత్రం నాయిన బావి దగ్గర నిలబడి నేలకేసి చూస్తున్నాడు. దరికి మూడు నాలుగడుగుల ఇవతల వేలు పట్టేంత నెర్ర ఒకటి పడి ఉంది.

"ఎండాకాలం బోలెడన్ని నెర్రెలు పడతయి గదా నాయినా, దీన్నేం చూస్తున్నవ్?" అన్నాను.

"ఎండకు పడ్డ నెర్ర వల అల్లినట్టు అన్ని దిక్కులు పోతదిరా. ఇది చూడు, దరి పొంటి వంగుకుంట పోతున్నది. బర్రెలను ఇవతలకు తోలు, స్టార్టరు పెట్టె కూడా విప్పుదాం" అన్నాడు.

తెల్లవారేసరికి ఆ నెర్ర నుంచి అవతలి భాగమంతా బావిలో పడి ఉంది. బడి ముఖం ఎక్కువగా చూడని మా నాయిన ఆ సాయంత్రం చెప్పిన మాటకు అర్థమేమిటో నాకు మా మూడవ సంవత్సరపు పాఠాల్లో గానీ తెలియలేదు. ఆ తెలిసినదే మీతో పంచుకుంటున్నాను.

అగ్నిపర్వతం ఇచ్చే రెండు మట్టులు

మన నల్లరేగడి అగ్నిపర్వతానికి మనుమరాలు వంటిది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిలో భూమి చీలి, లావా పొర మీద పొరగా ప్రవహించింది. ఆ లావా చల్లబడి గట్టిపడిన రాయే బసాల్టు. నేటికీ అది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉంది. పడమటి కనుమల్లో దాని మందం కొన్నిచోట్ల రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఆ రాతి పరుపు తూర్పు అంచులే మన ఆదిలాబాదు, నిర్మల్, వికారాబాదు ప్రాంతాలలో కనిపిస్తాయి. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి వైపు కూడా ఆ కాలపు బసాల్టే ఉంది. ఈ రాయి ఎండకు, వానకు శిథిలమై మొదట మొరంగా, ఆ తరువాత బంకమట్టిగా మారుతుంది.

ఇది లావా నుంచి వచ్చిన మట్టి. రెండవది బూడిద నుంచి వచ్చిన మట్టి. అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశంలోకి లేచిన బూడిద, గుల్లరాయి ముక్కలు గాలి వాలున పోయి చుట్టుప్రక్కల కొండల మీద దుప్పటిలాగా పరచుకుంటాయి. ఇటువంటి మట్టికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'ఆండోసోల్'. జపాను భాషలో 'ఆన్' అంటే నలుపు, 'దో' అంటే మట్టి. అంటే వాళ్ళ నల్లమట్టి అన్నమాట! కానీ వాళ్ళ నల్లమట్టి వేరు, మన నల్లమట్టి వేరు. జపాను, ఇండోనేషియా, ఇటలీ, మధ్య అమెరికా దేశాలలో ఈ బూడిద మట్టిని నమ్ముకొని ఎందరో రైతులు బ్రతుకుతున్నారు. ప్రపంచం మొత్తం భూభాగంలో ఇది నూటికి ఒక వంతు కూడా ఉండదు గానీ, ఉన్నచోట జనం చాలా ఒత్తుగా ఉంటారు. ఎందుకంటే అది పండే నేల.

అది ఎందుకు అంత బాగా పండుతుంది? ఎందుకు అంత సులువుగా జారుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చాలా భాగం ఒక్కటే. అదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

నీళ్ళు దాచుకొనే మట్టి

అగ్నిపర్వతపు బూడిద చాలావరకు గాజు వంటి పదార్థం. అది త్వరగా శిథిలమై 'అల్లోఫేన్' అనే ఖనిజాన్ని ఇస్తుంది. దీని కణాలు లోపల డొల్లగా ఉన్న సూక్ష్మమైన గోళాలు. ఒక్కొక్క దాని వ్యాసం 4, 5 నానోమీటర్లు మాత్రమే. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు నానోమీటరు అని గుర్తు చేసుకుంటే ఎంత చిన్నవో తెలుస్తుంది. ఇటువంటి కోట్ల కోట్ల డొల్ల గోళాలు ఒకదానికొకటి అంటుకొని ఉండడం వలన ఆ మట్టిలో గట్టి పదార్థం తక్కువ, ఖాళీ ఎక్కువ. ఘనపరిమాణంలో 60 నుంచి 80 శాతం వరకు ఖాళీలే! మామూలు చేను మట్టి ఎండినప్పుడు ఘన సెంటీమీటరుకు ఒకటింబావు, ఒకటిన్నర గ్రాములు తూగితే, ఇది 0.9 గ్రాము కంటె తక్కువే తూగుతుంది.

ఆ ఖాళీలలో చేరేది నీరు. కిలో పొడి మట్టి కిలో కంటె ఎక్కువ నీటిని కూడా పట్టి ఉంచగలదు. అంత నీరున్నా చేత్తో పట్టుకుంటే తడిబట్ట లాగా కారదు. మెత్తగా, గుల్లగా, కాస్త తేమగా మాత్రమే అనిపిస్తుంది. వ్రేళ్ళ మధ్య పెట్టి గట్టిగా నలిపితే మాత్రం ఒక్కసారిగా నీరు వదిలి జిగట జిగటగా జారిపోతుంది. చేనులో ఈ మట్టిని గుర్తించడానికి వాడే పరీక్షలలో ఇదొకటి. పంటకు ఇంతకంటె ఏం కావాలి? వాన వెనుకబడినా వేళ్ళకు తడి దొరుకుతుంది. అదే మట్టి కొండవాలు మీద ఉండి, నలిపే పని వ్రేళ్ళకు బదులు భూకంపమో, పైనున్న మట్టి బరువో చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

మన ప్రయోగశాలకు సంబంధించిన విశేషం ఇంకొకటి ఉంది. మట్టిని పరీక్షించే ముందు 105 డిగ్రీల వద్ద ఆరబెట్టడం మనకు అలవాటు. అల్లోఫేన్ మట్టిని అలా ఆరబెడితే దాని కణాలు ముద్దలు కట్టి, మళ్ళీ నీళ్ళు పోసినా పూర్వస్థితికి రావు. మన చేతిలో మిగిలేది మరొక మట్టి. అందుచేత దానిని కొండ మీద ఉన్న తడితోనే పరీక్షించాలని పుస్తకాలు హెచ్చరిస్తాయి.

పిచ్చుక గూళ్ళ సూత్రం

చిన్నప్పుడు మనమందరం పిచ్చుక గూళ్ళు కట్టినవాళ్ళమే. పాదం మీద తడి ఇసుక కప్పి, తట్టి, మెల్లగా పాదం వెనక్కు తీస్తే గూడు నిలబడేది. పొడి ఇసుకతో గూడు కట్టలేము. బాగా నీళ్ళు పోసిన ఇసుకతోనూ కట్టలేము. కొంచెం తడిగా ఉన్నదే నిలుస్తుంది. ఎందుచేత?

రెండు ఇసుక రేణువుల మధ్య కొద్దిగా నీరున్నప్పుడు, దాని తలతన్యత వలన ఆ నీరు రెండింటినీ దగ్గరకు లాగుతుంది. రంధ్రాలు ఎంత సన్నమైతే ఆ లాగుడు అంత ఎక్కువ. బూడిద మట్టిలో రంధ్రాలు అతి సన్నం కాబట్టి, కొంత తడిగా ఉన్నంతకాలం అది చాలా గట్టిగా పట్టుకొని ఉంటుంది. బాట కోసం నరికితే గోడలాగా నిలువుగా నిలబడుతుంది. చూచినవాళ్ళకు 'ఎంత గట్టి నేల!' అనిపిస్తుంది. రంధ్రాలన్నీ నీటితో నిండిపోతే లాగడానికి నీటి అంచులే మిగలవు. అప్పుడా పట్టు మాయమవుతుంది.

దీనిని ఒక చిన్న లెక్కతో చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి. కొండవాలు 38 డిగ్రీలు. దానిపై 2 మీటర్ల మందం మట్టి. ఘనపు మీటరు మట్టి బరువు 16 కిలోన్యూటన్లు. మట్టి ఘర్షణ కోణం 36 డిగ్రీలు. తడి లాగుడు వలన వచ్చే అదనపు పట్టు చదరపు మీటరుకు 8 కిలోన్యూటన్లు. అప్పుడు ప్రతి చదరపు మీటరు మీదా మట్టిని క్రిందికి లాగే బలం 15.5 కిలోన్యూటన్లు వస్తుంది. పట్టి ఉంచే బలంలో ఘర్షణది 14.4, తడి లాగుడిది 8, మొత్తం 22.4. పట్టే బలాన్ని లాగే బలంతో భాగిస్తే 1.45. ఈ అంకె ఒకటి కంటె ఎక్కువగా ఉన్నంతవరకు కొండ క్షేమం.

ఇప్పుడు వాన నీరు దిగి ఆ 8 పోయిందనుకోండి. మిగిలింది 14.4. దానిని 15.5తో భాగిస్తే 0.93! ఒకటి కంటె తక్కువ. మట్టి జారక తప్పదు. నీటి వలన మట్టి బరువు పెరగదా అంటే, పెరుగుతుంది. ఐతే ఆ బరువు లాగే బలాన్నీ, ఘర్షణనూ ఒకే నిష్పత్తిలో పెంచుతుంది గనుక ఈ 0.93 మారదు. చాలామంది అనుకున్నట్లు కొండ జారడానికి బరువు పెరగడమే కారణం కాదు, పట్టు పోవడం ముఖ్య కారణం. ఆపైన కూడా వాన ఆగక, అడుగున గట్టి రాయి అడ్డుపడి, మట్టిలో నీరు నిలిచి ఒత్తిడి పెంచితే ఆ ఒత్తిడి మట్టి రేణువులను ఒకదాని నుంచి ఒకటి పైకెత్తుతుంది. అప్పుడు ఘర్షణ కూడా తగ్గుతుంది. ఈ సూత్రాన్ని స్పష్టపరచిన శాస్త్రజ్ఞుడు కార్ల్ టెర్జాగీ. మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పునాది వేసిన ఆయన గ్రంథం 1925లో వెలువడింది.

సార్నో, 1998

ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతానికి కొద్ది దూరంలో సార్నో అనే పట్టణం ఉంది. దాని వెనుకనున్న కొండ అగ్నిపర్వతం కాదు, సున్నపురాయి కొండ. వేల సంవత్సరాలుగా వెసూవియస్, దాని చుట్టుప్రక్కల అగ్నిపర్వతాలు ఎగజిమ్మిన బూడిద, గుల్లరాయి ఆ వాలు మీద మీటరు, రెండు మీటర్ల మందాన పొరలు పొరలుగా పేరుకున్నాయి. 1998 మే 5వ తేదీన, ఆగకుండా కురిసిన వాన తరువాత, ఆ పొరలు వందకు పైగా చోట్ల విరిగి జారాయి. విరిగినచోట చిన్న ముక్కే. కానీ గుల్లగా ఉన్న ఆ మట్టి జారడం మొదలుపెట్టగానే లోపలి నీటితో కలిసి బురద ప్రవాహమై, దారిలోని మట్టిని కూడా కలుపుకుంటూ, కిలోమీటర్ల దూరం పరుగెత్తి సార్నో, క్విందిచి, సియానో, బ్రాచిల్యానో ఊళ్ళ మీద పడింది. సుమారు 160 మంది చనిపోయారు.

రైతు బిడ్డనైన నన్ను ఆపివేసిన విషయం ఇంకొకటుంది. ఆ విరుపులు చాలాచోట్ల కొండ మీది తోటలకు పోవడానికి కోసిన బాటల దగ్గర మొదలయ్యాయి. బాట కోసినచోట పై మట్టికి క్రింది ఆసరా పోతుంది. బాట వెంట వచ్చిన వాన నీరు ఒకేచోట దిగుతుంది. ఎవరూ చెడు తలచి కోయలేదు. గంపలు మోసుకొని పోవడానికి దారి వేసుకున్నారు, అంతే.

అత్సుమా, 2018

జపానులో హొక్కైదో దీవిలోని అత్సుమా పట్టణం పరిసరాల కొండల మీద, సుమారు 9 వేల సంవత్సరాల క్రితం తారుమాయె అగ్నిపర్వతం నుంచి వచ్చిపడిన గుల్లరాయి పొర ఒకటుంది. ఇన్నివేల ఏళ్ళుగా నీరు దిగి దిగి దాని అడుగుభాగం 'హల్లోయ్‌సైట్' అనే బంకమట్టిగా మారింది. మన కుండల మట్టిలో ఉండే కయొలినైటుకు ఇది తోబుట్టువు వంటిది. అయితే దీని పలకల మధ్య ఒక వరుస నీరు చేరి ఉంటుంది. 2018 సెప్టెంబరు 6న, తెల్లవారుజామున మూడు గంటల వేళ, 6.6 తీవ్రత గల భూకంపం వచ్చింది. కొన్ని క్షణాలలోనే వేల చోట్ల కొండలు ఒలిచిన పండ్లలాగా తమ తోలు వదిలాయి. ఆ జారినవి దాదాపు 6 వేలని లెక్క కట్టారు. ఆ భూకంపంలో ప్రాణాలు పోయినవారిలో ఎక్కువమంది అత్సుమాలో ఆ మట్టి క్రిందనే పోయారు.

ఆ రాత్రి అక్కడ పెద్ద వాన లేదు. అయినా అడుగు పొరలో నీరు ఎప్పుడూ ఉన్నదే. భూమి కంపించేసరికి, వ్రేళ్ళ మధ్య నలిపిన మట్టి లాగానే అది నీరు వదిలి జిగటైపోయింది. పైన అడవి ఉన్నా ఆగలేదు. చెట్లు నిలువునా మట్టితోపాటే దిగివచ్చాయి. జారే పొర వేళ్ళకు అందని లోతులో ఉంటే చెట్లు కూడా ఏమీ చేయలేవు.

మాలిన్, 2014

ఇక మన దేశానికి, మన రేగడికి తల్లి ఐన బసాల్టు దగ్గరకు వద్దాం. మహారాష్ట్రలో, పుణె జిల్లా అంబేగాఁవ్ తాలూకాలో మాలిన్ అనే చిన్న గిరిజన గ్రామం. 2014 జూలై 30 తెల్లవారుజామున, భారీ వర్షాల మధ్య, ఊరి పైనున్న కొండ విరిగి దాదాపు ఊరంతటినీ కప్పివేసింది. ఆ ఉదయం అటు వెళ్ళిన బస్సు డ్రైవరుకు రోజూ కనిపించే ఊరు కనిపించలేదట! ఆయన చెప్పిన తరువాతనే సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. 150 మందికి పైగా మరణించారు. 2021 జూలై 22న రాయగఢ్ జిల్లా తళియే గ్రామంలోనూ, 2023 జూలై 19 రాత్రి అదే జిల్లా ఇర్శాల్‌వాడిలోనూ మళ్ళీ ఇదే జరిగింది. ఇర్శాల్‌వాడిలో 27 మృతదేహాలు దొరికాయి. 57 మంది ఆచూకీ తెలియనే లేదు.

అక్కడిది బూడిద మట్టి కాదు. బసాల్టు శిథిలమైన మట్టి. చదును నేల మీద అదే మనకు పత్తి పండిస్తుంది. కనుమల్లో వాలు నిటారు, వాన అపారం. పైన మట్టి, మొరం, గుండ్లు కలగలిసిన పొర. క్రింద నీరు దిగనివ్వని గట్టి బసాల్టు. ఒక లావా పొరకూ మరొక లావా పొరకూ మధ్య చాలాచోట్ల ఎర్రటి బంకమట్టి పొరలుంటాయి. అవి కూడా నీటిని ఆపుతాయి. ఎండాకాలంలో పడిన నెర్రెల ద్వారా తొలకరి నీరు తిన్నగా లోతుకు పోతుంది. ఆ తరువాత బంకమట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నా, లోపలి నీరు బయటికి త్వరగా రాలేదు. మా బావి దరి కూడా అలా నానిందే. మాలిన్ దుర్ఘటన తరువాత కొండవాలును మడులుగా చదును చేయడం పైన కూడా చాలా చర్చ జరిగింది. పొట్ట కోసం మడి చేసుకున్న రైతును నేను తప్పు పట్టలేను. అయితే మడి చేసినప్పుడు మిగులు నీరు పోవడానికి కాలువ తీశామా లేదా అన్నది ఇక పంట ఒక్కదానికే సంబంధించిన ప్రశ్న కాదు.

జారేది అగ్నిపర్వతపు మట్టి ఒక్కటేనని నేననడం లేదు. 2024 జూలై 30న వయనాడులో జారిన కొండల రాయి బసాల్టు కాదు. అదే ఏడు ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో ఇళ్ళమీద విరిగిపడిన కొండ కథ కూడా వేరే. అగ్నిపర్వతపు మట్టి ప్రత్యేకత ఏమిటంటే, ఎండినప్పుడూ, కొద్ది తడిలోనూ మనకు గొప్ప ధైర్యం ఇస్తుంది. పండుతుంది, నిలువుగా నిలబడుతుంది, తరతరాలు ఇళ్ళు కట్టుకోనిస్తుంది. పట్టు పోయే రోజు మాత్రం గంటల వ్యవధి కూడా ఇవ్వదు.

కొండ ముందుగా చెప్పే మాటలు

అయితే కొన్నిసార్లు ముందుగా గుర్తులు కనిపిస్తాయి. వాలు పైభాగంలో కొడవలిలాగా వంగిన కొత్త నెర్ర. చెట్లు, కరెంటు స్తంభాలు ఒరగడం. ఎన్నడూ లేనిచోట ఊట పుట్టడం, ఉన్న ఊట ఆగిపోవడం, లేక బురదగా రావడం. ఇంటి గోడలు పగిలి తలుపులు బిగుసుకుపోవడం. వానాకాలంలో ఇవి కనిపిస్తే ముందు మనుషులు, పశువులు అక్కడినుంచి కదలాలి. ముఖ్యంగా రాత్రి అక్కడ నిద్రించకూడదు. వాన లేని రోజుల్లో చేయవలసినవి కూడా పెద్ద విద్యలేమీ కావు. పై నీరు వాలు మీదికి రాకుండా కాలువ తీసి ప్రక్కకు మళ్ళించాలి. పడిన నెర్రలను మట్టితో కూరి నీరు దిగకుండా చూడాలి. కొండ పాదాన్ని ఇంటికోసమో, రోడ్డుకోసమో నిలువుగా కోయకూడదు. కోయక తప్పకపోతే నీరు బయటికి పోయే దారి వదిలి గోడ కట్టాలి.

ఇవన్నీ పుస్తకంలో చదివిన రోజు నేను ఊరికి ఫోను చేసి, "నాయినా, నువ్వు ఆనాడు చూసిన నెర్రకు మా పుస్తకంలో పేరున్నది" అన్నాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పేరుంటే మంచిదే. అది పడకముందే తెలిసే ఉపాయం ఏమన్న ఉన్నదా మీ పుస్తకంలో?" అని అడిగాడు.

ఉన్నది. వాన ఎంత పడితే ఏ వాలు ప్రమాదమో లెక్కకట్టే పద్ధతులున్నాయి; మట్టి లోపలి తడినీ, నీటి ఒత్తిడినీ కొలిచే పరికరాలున్నాయి. అవి ఇర్శాల్‌వాడి వంటి చిన్న పల్లెల దాకా చేరాలి. భూగర్భశాస్త్రం చదువుకుంటున్న మన వంటివాళ్ళు చేయవలసిన పని అక్కడే ఉందని నాకు అనిపిస్తున్నది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా బావి చుట్టూ వాన నీటికి కాలువ తీయాలని నాయిన, నేను అనుకున్నాము. మొదట ఆ పని చేస్తాను.